కత్తి పెట్టకుండ కాయ లోగుణము తెలిసికొనుట

మామిడి కోతల కాలమున ఏ మండీకి వెళ్ళినను ఒకే దృశ్యము కనిపించును. రైతు దింపిన రాశిలోనుండి కొనుగోలుదారు రెండు మూడు కాయలు తీసి, కత్తితో చీల్చి, కండ రంగు చూచి ధర చెప్పును. చీల్చిన వానిలో ఒక్కటి తెల్లగా నున్నచో రాశి అంతయు లేతదని ధర తగ్గించును. తరుగు పేరిట తూకములో కూడ కొంత తీసివేయును. కోసి చూపిన కాయ అమ్మకమునకు పనికిరాదు. కోయని కాయను గురించి రైతు చెప్పిన మాట చెల్లదు.

ఈ పద్ధతి ఎంత సరియైనదో ఒక్కసారి లెక్క వేసి చూడుడు. రాశిలో 1,000 కాయలు ఉన్నవనుకొనుడు. వానిలో 800 చక్కగా ముదిరినవి, 200 లేతవి. చేతికి వచ్చిన 3 కాయలు తీసి కోసినచో వానిలో కనీసము ఒక్క లేతకాయ తగులుటకు దాదాపు సగము అవకాశము కలదు. అనగా మంచి సరుకు తెచ్చిన ఇద్దరు రైతులలో ఒకరు మాట పడవలసివచ్చును. మరియొక విధముగా చూడుడు. రాశిలో సగము లేత కాయలే ఉన్నను, తీసిన మూడును మంచివై బయటపడుట ఎనిమిదింట ఒకమారు జరుగును. అప్పుడు నష్టపోవునది కొనుగోలుదారు. కావున రెండు మూడు కాయలు కోసి వేయి కాయలకు తీర్పు చెప్పుట ఎవరికిని మేలు చేయదు.

ప్రతి కాయను పరీక్షింపవలెను. ఏ కాయను పాడుచేయరాదు. ఈ రెండును ఒకేసారి నెరవేరుటకు నేడు మార్గమేర్పడినది. కాయపై వెలుతురు వేసి, లోపలికి పోయి తిరిగి వచ్చిన వెలుతురును కొలిచి, కండ ఎంత ముదిరినదో చెప్పగల పరికరములు వచ్చినవి. అవి ఎట్లు పనిచేయును, ఎంతవరకు నమ్మదగినవి, పరికరము లేని రైతు ఏమి చేయవలెను అను సంగతులు ఈ వ్యాసమున తెలుపబడుచున్నవి.

వెలుతురు పరీక్ష మనకు క్రొత్త కాదు

కోళ్ళు పెంచువారు గ్రుడ్డును దీపము ముందు పట్టి చూతురు. పెంకు పగులగొట్టకయే లోపల పిల్ల కట్టినదీ లేనిదీ తెలియును. గ్రుడ్డు గుండ దూరి వచ్చిన వెలుతురు లోపలి సంగతి మోసికొని వచ్చుచున్నదన్నమాట.

ఇంకొక ఉదాహరణము మీ యింటి వంటగదిలోనే కలదు. అంగడిలో "సార్టెక్స్ బియ్యము" అని అమ్ముచుందురు. మిల్లులో బియ్యము సన్నని ధారలుగా జారుచుండగా వెలుతురు పడిన ప్రతి గింజను యంత్రపు కన్ను చూచును. నల్లగింజ గాని, మచ్చగింజ గాని కనబడినంతనే గాలి చిమ్మి దానిని ప్రక్కకు నెట్టును. మిగిలిన గింజలకు ఏ హానియు కలుగదు.

అయితే బియ్యపు యంత్రము చూచునది పైరంగును మాత్రమే. మామిడికి పైరంగు చాలదు. బంగినపల్లి కాయ ముదిరిన పిమ్మట కూడ చాలవరకు ఆకుపచ్చగానే యుండును. తోతాపురిలో ఎండ తగిలిన కాయ లేతగా నున్నప్పుడే ఎరుపు జీర చూపవచ్చును. పైరంగును నమ్మినచో మోసపోవుదుము. లోపలి కండను చూడవలెను. అందుకు వేరొక వెలుతురు కావలెను.

కంటికి కనబడని వెలుతురు

ఎండను గాజు పట్టకము గుండ పోనిచ్చినచో ఊదా మొదలు ఎరుపు వరకు రంగులు విడిపోవును. 1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఈ రంగులలో దేని వేడి ఎంతయో తెలిసికొనుటకు ఉష్ణమాపకములు పెట్టి చూచెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును కనబడని చోట పెట్టిన ఉష్ణమాపకము ఎక్కువ వేడి చూపెను. అచ్చట మన కంటికి అందని వెలుతురు కలదని అట్లు బయటపడినది. దీనికే పరారుణ కాంతి అని పేరు.

వెలుతురును అలలుగా లెక్కించి, ఆ అలల పొడవును నానోమీటర్లలో కొలుతురు. ఒక మిల్లీమీటరులో 10 లక్షవ వంతు ఒక నానోమీటరు. కంటికి కనబడు వెలుతురు సుమారు 400 నుండి 700 నానోమీటర్ల వరకు ఉండును. పండ్ల పరీక్షకు ఎక్కువగా పనికివచ్చునది దాని ప్రక్కనే యున్న 700 నుండి 1,100 నానోమీటర్ల భాగము. ఈ వెలుతురు తొక్కను దాటి కండలోనికి కొన్ని మిల్లీమీటర్ల నుండి సుమారు ఒక సెంటీమీటరు వరకు పోగలదు. ఇంకను పొడవైన అలలను నీరు అతిగా పీల్చివేయును; అందుచేత అవి తొక్క క్రిందనే ఆగిపోవును.

కాయలోని ప్రతి పదార్థమునకును తనకు ఇష్టమైన వెలుతురు కలదు. దానిని అది పీల్చుకొనును. పత్రహరితము 680 నానోమీటర్ల చుట్టుప్రక్కల ఎరుపును పీల్చును. నీరు 970 నానోమీటర్ల ప్రాంతమున పీల్చును. పిండి, చక్కెరలు తమ తమ చోట్ల కొద్దికొద్దిగా పీల్చును. కాయలోనికి పంపిన వెలుతురులో తిరిగి రాని భాగమెంతో, ఏ చోట తగ్గినదో చూచినచో లోపల ఏ పదార్థము ఎంత యున్నదో లెక్క కట్టవచ్చును. దొంగిలింపబడిన సొత్తును బట్టి దొంగను గుర్తించుట వంటిదే ఇది.

అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన కార్ల్ నారిస్ అను ఇంజనీరు 1950 దశాబ్దమున గ్రుడ్లలోని రక్తపు మచ్చలను వెలుతురుతో కనిపెట్టు పనిపై పరిశోధించెను. పిమ్మట ధాన్యములోని తేమను కొలుచుటకు ఈ కనబడని వెలుతురును వాడి దారి చూపెను. జపానులో 1989 నాటికి పీచ్ పండ్లను తీపిని బట్టి వేరుచేయు యంత్రములు ప్యాకింగు కేంద్రములలో పనికి వచ్చినవి. ఆస్ట్రేలియాలో మామిడి తోటల వారు చేతి పరికరములతో కోత దినమును నిర్ణయించుకొనుచున్నారు.

మామిడిలో కొలువవలసినది ఏది?

చెట్టుపై నున్న ముదురు కాయను కొరికినచో పుల్లగానే యుండును, తీపి కనబడదు. అయినను రాబోవు తీపి అప్పటికే అందులో దాగి యున్నది. కాయ ముదురుచున్న కొలది ఆకులు తయారుచేసిన ఆహారము కండలో పిండిగా నిలువ యగును. మాగునప్పుడు ఆ పిండియే చక్కెరగా మారును. కావున కాయలో ఎంత పిండి చేరినదో తెలిసినచో పండు ఎంత తీపి యగునో ముందుగానే చెప్పవచ్చును.

దీనిని కొలుచుటకు ఎండు పదార్థము అను లెక్కను వాడుదురు. 100 గ్రాముల కండను నీరంతయు పోవునట్లు ఆరబెట్టగా 15 గ్రాములు మిగిలినచో ఎండు పదార్థము 15 శాతము. లేతకాయలో ఇది తక్కువ. ముదురు కాయలో ఎక్కువ. వెలుతురు పరికరము పచ్చికాయపై చూపు ముఖ్యమైన అంకె ఇదియే. పండిన పండులోనైతే రసమున కరిగియున్న చక్కెర మొదలైన వానిని బ్రిక్సు డిగ్రీలలో చూపును.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము మరువరాదు. కోసిన పిమ్మట కాయలోనికి క్రొత్తగా పిండి చేరదు. లేతకాయను ఎంత మాగవేసినను తొక్క పసుపెక్కునే గాని తీపి రాదు. ఇథిలీను వాయువు ముదిరిన కాయను సమముగా మాగించును, లేతకాయను ముదిరింపలేదు. కనుక వేరుచేయవలసినది మాగవేయుటకు ముందే.

పరికరము పనిచేయు తీరు

ఈ పరికరములు రెండు విధములు. మొదటిది చేతితో పట్టుకొనునది. దానిని కాయ చెక్కిలికి ఆనించి మీట నొక్కగా చిన్న దీపము వెలిగి, కొన్ని సెకనులలో అంకె కనబడును. కాయను చెట్టు నుండి కోయనక్కర లేదు. తోటలో అక్కడక్కడ 20, 30 చెట్లపై కాయలను చూచి, ఏ మడి కోతకు వచ్చినదో, ఏ మడిని ఇంకొక వారము ఆపవలెనో నిర్ణయింపవచ్చును.

రెండవది ప్యాకింగు కేంద్రములో నుండునది. కడిగి ఆరిన కాయలు ఒకదాని వెనుక ఒకటి గిన్నెల వంటి పట్టలపై సాగిపోవుచుండగా తూకము, రంగు, మచ్చలు, లోగుణము అన్నియు వరుసగా కొలువబడును. ఒక్క సెకనులో కొన్ని కాయలు పరీక్ష దాటిపోవును. గుణమును బట్టి ఒక్కొక్క కాయ తన తన పెట్టెలోనికి మళ్ళింపబడును. అయితే పరీక్ష కాయను గాయపరచకున్నను, పట్ట నుండి పెట్టెలోనికి ఎత్తునుండి పడినచో కాయ కందిపోవును. యంత్రము మంచిదా కాదా యని చూచునప్పుడు దాని కన్నుతోపాటు కాయ దిగు చోటును కూడ చూడుడు.

కొలబద్ద సరిగా లేనిచో

పరికరము స్వయముగా తీపిని రుచి చూడదు. దానికి తెలిసినది తిరిగి వచ్చిన వెలుతురు మాత్రమే. ఎట్టి వెలుతురు వచ్చినచో ఎంత ఎండు పదార్థమో ముందుగా మనము దానికి నేర్పవలెను. వందల కొలది కాయలను వెలుతురుతో కొలిచి, అదే కాయలను కోసి, ఆరబెట్టి, తూచి, రెండు అంకెలను జత చేసి సూత్రము కట్టుదురు. దీనినే కొలబద్ద అనుకొందము. వేయి కాయలను కోయకుండ వదలుటకు ముందు కొన్ని వందల కాయలనైనను కోయక తప్పదు.

కొలబద్ద ఏ రకమునకు కట్టబడినదో ఆ రకమునకే నమ్మదగినది. తోతాపురికి కట్టినది చిన్న రసాలకు సరిపడదు. ఒక సంవత్సరము కట్టినది మరుసటి సంవత్సరము తప్పు చూపవచ్చును. వాన, ఎండ, నేల మారినచో కండ తీరు మారును. కాబట్టి ప్రతి సంవత్సరము కొన్ని కాయలను కోసి సరిచూడవలెను. బాగుగా సరిచూచిన పరికరము ఎండు పదార్థమును సాధారణముగా 1 శాతము అటు ఇటుగా చెప్పును. అనగా 15 అని చూపిన కాయ 14 గాని 16 గాని కావచ్చును. 14.9 కాయను తీసివేసి 15.1 కాయను ఉంచుట అర్థము లేని పని.

కొలుచునప్పుడు ఈ జాగ్రత్తలు అవసరము.

1. ఎండలో కాగిన కాయను, చల్లని గదిలోని కాయను ఒకే తీరున కొలువరాదు. కాయ వేడి మారినచో నీరు వెలుతురును పీల్చు తీరు మారి అంకె తప్పును. నీడలో సమముగా ఆరిన కాయలనే కొలువుడు.

2. కాయకు ఇరుచెక్కిళ్ళ మీదను కొలిచి సగటు తీయుడు. ఎండ తగిలిన వైపు, నీడ వైపు ఒకే తీరున ఉండవు.

3. సొన మరకలు, దుమ్ము, తడి లేకుండ తుడువుడు. పరికరము కాయకు బాగుగా ఆనునట్లు పట్టుడు; సందులో ఎండ దూరినచో లెక్క చెడును.

వెలుతురు చెప్పలేనివి

దీపమునకు కూడ హద్దులు కలవు. కాయలో ఒక సెంటీమీటరు లోతున నున్న కండను చూచు పరికరము టెంకలోని పురుగును చూడజాలదు. తీపిని కొలుచుటకు కట్టిన కొలబద్ద పురుగుమందుల అవశేషములను చెప్పదు. పుచ్చకాయ వంటి మందపు తొక్క గల పండ్లకు పని ఇంకను కష్టము. వానికి బలమైన దీపములు కావలెను. ఆపిలు పండ్లలో లోకండ గోధుమరంగుకు తిరిగినదీ లేనిదీ చూచుటకు బలమైన వెలుతురును పండు గుండ ఆవలి ప్రక్కకు పోనిచ్చి కొలుతురు.

బత్తాయి, నారింజలకు వేరొక దీపము పనికివచ్చును. అతినీలలోహిత కాంతిలో చూచినచో, తొక్కలోని నూనె తిత్తులు చిట్లి క్రుళ్ళు మొదలైన చోటు మెరయును. విదేశములలో కొన్ని ప్యాకింగు కేంద్రముల యందు చీకటి గదిలో ఈ దీపము క్రింద పండ్లను పోనిచ్చి, మెరసిన వానిని తీసివేయుదురు. ఒక్క క్రుళ్ళిన పండు పెట్టె నంతయు పాడుచేయును గనుక ఈ పరీక్ష విలువైనది. అయితే ఈ కాంతి కంటికి, చర్మమునకు హాని చేయును. తగిన రక్షణ లేనిదే ఇటువంటి దీపములతో ప్రయోగములు చేయరాదు.

పరికరము లేనివారు చేయదగిన పని

ఈ పరికరముల వెల ఒక్కొక్క రైతు భరింపదగినది కాదు. అంతమాత్రమున వేరుచేయుట మానరాదు. దీనికి మూలమైన సూత్రమునే చవకగా వాడు పద్ధతులు కలవు.

మొదటిది నీటి పరీక్ష. పిండి చేరిన కొలది కాయ బరువెక్కును. తొట్టిలో శుభ్రమైన నీరు పోసి కాయలను మెల్లగా వదలినచో ముదిరినవి మునుగును, లేతవి తేలును. తేలిన వానిని వేరుగా నుంచుడు. నీరు మురికియైనచో వెంటనే మార్చుడు. లేనిచో ఒక కాయ తెగులు అన్నిటికిని అంటును. పరీక్ష కాగానే కాయలను నీడలో ఆరనిండు.

రెండవది కంటి పరీక్ష. ముదిరిన కాయకు తొడిమ ప్రక్కల భుజములు నిండి పైకి లేచును. తొడిమ అంటిన చోటు కొద్దిగా గుంటపడును. చెట్టున ఒకటి రెండు కాయలు వానియంతట అవి పండి రాలుచున్నచో ఆ చెట్టు కోతకు వచ్చినదని గ్రహింపుడు.

మూడవది రిఫ్రాక్టోమీటరు. కొద్ది వేల రూపాయలకు దొరకు ఈ చిన్న గొట్టముపై రెండు చుక్కల రసము వేసి వెలుతురు వైపు చూచినచో బ్రిక్సు తెలియును. దీనికి కాయను కోయక తప్పదు. అయినను ప్రతి మడి నుండి కొన్ని కాయలను మాగవేసి, వాని తీపిని వ్రాసి పెట్టుకొన్నచో మరుసటి సంవత్సరము కోత దినము నిర్ణయించుట సులభమగును. మీ తోటకు మీరే కట్టుకొన్న కొలబద్ద ఇది.

సంఘముగా చేరి వాడుకొనుడు

ఒక్కరికి భారమైన పరికరము పదిమందికి భారము కాదు. నూజివీడు, జగిత్యాల, చిత్తూరు వంటి మామిడి ప్రాంతములలో రైతు ఉత్పత్తిదారుల సంఘములు ఉమ్మడిగా ఒక చేతి పరికరమును ఉంచుకొనుట ఆలోచింపదగిన విషయము. గ్రామాధికారులు, విస్తరణ సిబ్బంది ఇందుకు రైతులను కూడగట్టవలెను. కొనుటకు ముందు అమ్మజూపు వారిని ఈ మూడు ప్రశ్నలు తప్పక అడుగుడు.

మొదటిది: ఈ కొలబద్ద ఏ రకమునకు, ఎక్కడి తోటలలో కట్టినారు? రెండవది: క్రొత్త కాలమునకు దీనిని ఎవరు సరిచూచెదరు? మూడవది: మా యెదుట 20 కాయలను కొలిచి, పిమ్మట వానినే కోసి ఆరబెట్టి చూపగలరా? మూడవ దానికి ఒప్పుకొనని వారి వద్ద కొనవద్దు.

కొనుగోలుదారుడే పరికరము తెచ్చి మీ సరుకును కొలిచినచో అప్పుడును ఇవే ప్రశ్నలు అడుగుడు. సరిచూడని పరికరము చూపు అంకె కత్తితో చీల్చిన రెండు కాయల తీర్పు కన్న గొప్పది కాదు. అంకె యంత్రము చెప్పినంత మాత్రమున న్యాయము కాదు. తూనికరాళ్ళను సరిచూచుకొనునట్లే దీనిని కూడ సరిచూచుకొనుట మీ హక్కు.

చివరి మాట

ముందుగా అంగడికి వచ్చిన కాయకు ధర ఎక్కువ పలుకును గనుక లేతకాయ కోసి, కాల్షియం కార్బైడుతో రంగు తెప్పించు దురలవాటు కొన్ని చోట్ల కలదు. కార్బైడుతో మాగవేయుట మన దేశమున చట్టముచే నిషేధింపబడినది. ఇథిలీను వాయువును గాలిలో పది లక్షల భాగములకు 100 భాగములు మించకుండ వాడుటకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో అనుమతించినది. రంగును చూచి ఒకసారి మోసపోయిన వినియోగదారు మరల మన కాయను కొనడు. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు నిలుచుట పెట్టెలోని ప్రతి కాయ తీపిపై ఆధారపడి యున్నది.

వెలుతురు లేతకాయను ముదిరింపలేదు. ముదిరిన దానిని లేతదాని నుండి విడదీయగలదు, అంతే. కాయలో పిండి నింపునది చెట్టు. దానికి తగిన సమయమిచ్చునది రైతు. కావున ఈ సంవత్సరము కోతకు ముందు ఒక తొట్టెడు నీటితోనైనను మొదలుపెట్టుడు. మునిగిన కాయలను ఒక రాశిగా, తేలిన వానిని వేరొక రాశిగా ఉంచి మండీకి తీసికొనిపొండు. కొనుగోలుదారు ముదురు రాశిలో ఏ కాయ చీల్చినను లేతది తగులుట అరుదగును. అప్పుడు ధర మాటాడునది అతని కత్తి కాదు, మీ సరుకు.